కళామండల నిర్మాత వళ్లత్తోళ్

మలయాళ మహాకవి వళ్లత్తోళ్ నారాయణ మీనన్ 1878లో తిరూరు సమీపమున జన్మించెను. ముప్పదియేండ్లు దాటిన కొలదికాలమునకే ఆయనకు వినికిడి పోయెను. చెండ, మద్దెల ధ్వనులకు దూరమైన ఆ కవియే కథాకళిని కాపాడుటకు పూనుకొనెను.

పూర్వము కథాకళి మేళములను రాజగృహములును, సంపన్నులైన నంబూద్రి కుటుంబములును పోషించుచుండెడివి. ఆ యాదరణ తరిగిన కొలదియు నటులకు జీవిక కరవయ్యెను. కళను మరల ఏ యొక్క ధనికుని దయకో విడువక, వళ్లత్తోళ్ తన మిత్రుడు మణక్కుళం ముకుందరాజాతో కలసి లాటరీ నడపెను. జనులు కొన్న టిక్కెట్ల ధనమే మూలనిధి యయ్యెను. 1930లో కేరళ కళామండలము వెలసెను. కున్నంకుళమున మొదలైన ఆ సంస్థ పిదప నిళానదీతీరమందలి చెరుతురుత్తికి చేరెను. పట్టిక్కాంతొడి రావుణ్ణి మీనన్ వంటి గురువులు అచట కథాకళి నేర్పిరి. మోహినియాట్టమునకును చోటు లభించెను.

అయినను లాటరీధనము తరుగనిది కాదు. కవి నటబృందమును వెంటగొని దూరప్రాంతములకు పోయి, ప్రదర్శనము లిప్పించి విరాళములు కూర్చెను. తుదకు 1941లో సంస్థను కొచ్చిన్ ప్రభుత్వమున కప్పగించెను. తాను పెంచినదానిపై అధికారము వదలుకొనుట సులభము కాదు. కాని నిర్మాత ఆయుష్షును మించి సంస్థ బ్రతుకవలెనన్న అది తప్పదు.

1958లో ఆయన దివంగతుడయ్యెను. కళామండలము ఇప్పుడు విశ్వవిద్యాలయ ప్రతిపత్తి నందినది. కవి చెవికి సోకని ఆ వాద్యములు నేటికిని అచట మ్రోగుచునే యున్నవి.