గాజు సామాను గుట్టు విప్పే ఫొటోలు: రాజా దీన్‌దయాళ్ జీవితం

హైదరాబాద్ పాత హవేలీల్లో ఎలాంటి ఝూమర్లు వేలాడేవి? ఎలాంటి గుల్దాన్‌లు పెట్టేవాళ్లు? ఈ ప్రశ్నలకు జవాబు వెతికేవాళ్లు ముందుగా చూసేది రాజా దీన్‌దయాళ్ ఫొటోలే.

ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో సర్కారీ నౌకరీలో చేరారు. కెమెరా పట్టింది అక్కడే. సరదాగా మొదలైన పని చివరికి ఉద్యోగాన్నే మాన్పించింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ని ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకున్నారు. సికింద్రాబాద్‌లో స్టూడియో వెలిసింది. పర్దా పాటించే ఆడవాళ్ల కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో కూడా తెరిచారు. ఫొటోలు తీసే బాధ్యత ఒక ఇంగ్లిష్ మహిళకు అప్పగించారు. 1894లో నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రాలు తీసేవాడు.

దీన్‌దయాళ్ మనుషులతో ఆగిపోలేదు. బషీర్‌బాగ్, ఫలక్‌నుమా లాంటి మహళ్ల లోపలి గదుల్నీ తీశారు. పైకప్పు నుంచి బల్ల దాకా ప్రతి వస్తువూ అందులో కనిపిస్తుంది.

అయితే ఆ కాలం ఫొటోలో గాజును గుర్తు పట్టాలంటే రంగును నమ్మకూడదు. అప్పటి మామూలు ప్లేట్లకు నీలం కాంతి బాగా అందేది, ఎరుపు దాదాపు అందేది కాదు. అందుకే ఎర్ర గాజు నల్లగా, నీలం గాజు తెల్లగా వస్తుంది. చూడాల్సింది ఆకారం: ఝూమర్‌కు ఎన్ని కొమ్మలు, లోలకుల కోత ఎలా ఉంది, గుల్దాన్ మెడ, అంచు ఎలా తిరిగాయి. కొవ్వొత్తుల చుట్టూ గాజు చిమ్నీలుంటే అవి పంకా గాలికి దీపం ఆరకుండా పెట్టినవి. తయారీదారు సంతకం ఫొటోలో కనిపించడం అరుదు. కాబట్టి ఆకారం కలిసినంత మాత్రాన ఫలానా కంపెనీదని ఖాయం చేయకూడదు, అసలు వస్తువును చూడాల్సిందే.

1905లో దీన్‌దయాళ్ కన్నుమూశారు. గాజు మీద తీసిన ఆయన నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. చాలా హవేలీలు కూలిపోయాయి, సామాను చేతులు మారింది. ఇప్పుడు మిగిలిన సాక్ష్యం ఆ ఫొటోలే. మీ ఇంట్లో తాతల నాటి ఫొటో ఉంటే మనుషుల వెనక ఏముందో కూడా చూడండి. పెద్దవాళ్లు ఉండగానే ఆ వస్తువు ఎవరిదో అడిగి రాసి పెట్టుకోండి.