రాజా దీన్‌దయాళ్: కటకము వెనుక కన్ను

ఛాయాచిత్రకళ మన దేశమున అడుగిడిన తొలి తరములలో దానిని ఉపాసించి, పాశ్చాత్యుల మన్ననలను సైతము అందుకొనిన భారతీయులలో అగ్రగణ్యుడు రాజా దీన్‌దయాళ్. ఆయన పుట్టినది ఉత్తరదేశమున. కీర్తి పండినది హైదరాబాదు నేలపైన.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపమునందలి సర్ధనాలో జైన కుటుంబమున జన్మించెను. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరు మరామతు శాఖయందు నక్షాలు గీయుటకు, అంచనాలు కట్టుటకు ఉద్యోగిగా చేరెను. 1874 ప్రాంతమున కెమెరా చేపట్టెను. మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు, ఆంగ్ల ప్రతినిధి సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించిరి. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండమున సంచరించి కోటలను, దేవాలయములను చిత్రించెను. ఆ చిత్రములు 1886లో గ్రంథరూపమున వెలువడెను.

ఆనాటి శ్రమను నేటి విద్యార్థులు ఊహించుట కష్టము. తొలుత గాజుపలకకు రసాయనము పూసి, తడి ఆరకమునుపే చిత్రము తీసి కడుగవలసియుండెడిది. 1880 తరువాత పొడిపలకలు వ్యాపించి ఈ బాధ తగ్గినను, బరువు తగ్గలేదు. పలక యెంతయో కాగితముపై చిత్రమును సాధారణముగ అంతయే. కనుక పెద్ద చిత్రమునకు పెద్ద పలక, ఆ పలక అంచులదాక వెలుగు పరచగల కటకము కావలెను.

కటకముల యెంపికయు ఆనాడే చిక్కుసమస్య. 1840లో పెట్జ్‌వాల్ రూపొందించిన కటకము వెలుతురును విరివిగా గ్రహించును. ముఖచిత్రములకు మేలు, కాని అంచులయందు స్పష్టత తక్కువ. ఒంటి గాజుతో చేసిన ప్రకృతిదృశ్యకటకము చౌక. కాని భవనముల నిలువుగీతలు అంచులలో వంగును. 1866లో లండనున డాల్‌మేయరు, మ్యూనిచ్‌లో స్టైన్‌హైల్ వేరువేరుగ సాధించిన జంటకటకము సరళరేఖను సరళరేఖగనే నిలిపెను. నక్షాలు గీచిన చేతికి ఈ భేదము విలువ తెలియకపోదు. దీన్‌దయాళ్ చిత్రములలో స్తంభములు నిటారుగ నిలుచుటయు, ముందరి రాయి మొదలు వెనుకటి కొండదాక దృశ్యము పొందికగ అమరుటయు ఆ శిక్షణ ఫలములే.

1880ల నడిమి కాలమున ఆయన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యెను. పిమ్మట స్థిరమైన సర్కారు కొలువును వదలుకొని, రాజాశ్రయమును, తన కన్నును నమ్ముకొనెను. సికింద్రాబాదులో చిత్రశాల నెలకొల్పెను. 1892లో పరదా పాటించు స్త్రీలకై ప్రత్యేక చిత్రశాలను తెరచి, దాని నిర్వహణను ఒక ఆంగ్లవనితకు అప్పగించెను. 1894లో నిజాము ఆయనను ముసవ్విర్ జంగ్, రాజా బహదూర్ బిరుదములతో సత్కరించెను. 1896లో బొంబాయిలో మరియొక శాల వెలసెను. 1897లో విక్టోరియా రాణి తన ఛాయాచిత్రకారునిగ గుర్తించెను. రాజభవనములనే గాక, కరవు నాటి సహాయపు పనులను గూడ ఆయన చిత్రించెను.

1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించెను. 1905 జూలైలో దీన్‌దయాళ్ బొంబాయిలో కన్నుమూసెను. మూడేండ్లకు, 1908 సెప్టెంబరులో, మూసీ వరద నగరమును ముంచివేసెను. అంతకుముందరి హైదరాబాదును చూడగోరువారికి ఆయన చిత్రములు అమూల్య సాక్ష్యములు. 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 2,857 గాజుపలకలను సేకరించెను. 2006లో తపాలాశాఖ ఆయన స్మారకముగ బిళ్ళను వెలువరించెను.

నగరమునకు పడమటనున్న మాదాపూరు గుట్టలపై 1998లో సైబర్ టవర్స్ వెలసెను. దుర్గం చెరువుపై 2020లో తీగల వంతెన నిలిచెను. కోట్లయేండ్ల నల్లరాతి గుండ్లు ఏటేట అద్దాల మేడలకు చోటిచ్చుచున్నవి. వీనిని చిత్రింపగోరు విద్యార్థికి వేలు పోసి మిక్కిలి ఖరీదైన కటకము కొనవలెనను దిగులక్కరలేదు. అధికమూల్యము చాలవరకు పెద్దరంధ్రమునకే. అది మసకవెలుతురునకు, కదలువస్తువులకు ఉపకరించును. కదలని కొండను ముక్కాలిపై కెమెరా నిలిపి, ఎఫ్/8 లేక ఎఫ్/11 వద్ద చిత్రించువానికి దానితో పనిలేదు. చిన్న సెన్సారు కెమెరాకు 10 మొదలు 18 మిల్లీమీటర్లదాకనుండు సాధారణ జూమ్ కటకము చాలును. కొనుటకు ముందు అంచులయందు స్పష్టతను, గోడగీతల తిన్నదనమును పరీక్షించి చూచుకొనవలెను. విశాలకోణమున దూరపుకొండ చిన్నదగును గనుక, దగ్గరి బండను ముందర నిలుపుకొనుట మేలు.

దీన్‌దయాళ్ నాటి పరికరముతో పోల్చిన ఇది తేలిక, చౌక. ఆయన ఓర్పు మాత్రము అంగడిలో దొరకదు. దానిని అభ్యాసముచేతనే సంపాదింపవలెను. మిగిలిన గుండ్లు మాయమగులోపుగ ఆ అభ్యాసమునకు పూనుకొనుటయే ఆ మహాకళాకారునికి తగిన నివాళి.