గాంధీజీ పళ్లెంలో చివరికి మిగిలినవి



గాంధీ జయంతి వస్తోందంటే గుండ్రటి కళ్లజోడు, చిన్న చేతికర్ర ఎక్కడ దొరుకుతాయా అని మీరు వెతికే ఉంటారు. ఆ వేషం వేసిన పిల్లాడికి ఉప్పు సత్యాగ్రహం గురించి నాలుగు ముక్కలు నేర్పి స్టేజీ ఎక్కిస్తాం. ఆయన దాదాపు అరవై ఏళ్లపాటు తన తిండి మీద తనే ప్రయోగాలు చేసుకున్నారని, వాటిలో కొన్ని దారుణంగా బెడిసికొట్టాయని మాత్రం చెప్పం. డైట్ మొదలుపెట్టి మూడో వారానికి వదిలేసిన వాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఈ కథ వాళ్లకి బాగా నచ్చుతుంది.

1888లో బారిష్టరు చదువుకి లండన్ చేరేనాటికి ఆయనకి పంతొమ్మిదేళ్లు నిండుతున్నాయి. మాంసం ముట్టనని తల్లికి మాట ఇచ్చి వచ్చారు. అద్దెకున్న ఇంట్లో ఉప్పూకారం లేని ఉడికిన కూరలు పెట్టేవారు. ఇంకో రెండు బ్రెడ్డు ముక్కలు అడగడానికి మొహమాటం. కడుపు నిండేది కాదు. శాకాహార హోటల్ కోసం రోజూ మైళ్ల కొద్దీ నడిచి, చివరికి ఫారింగ్‌డన్ స్ట్రీట్‌లో ఒకటి కనిపెట్టారు. అక్కడే ఒక షిల్లింగు పెట్టి హెన్రీ సాల్ట్ రాసిన శాకాహారం పుస్తకం కొన్నారు. అప్పటిదాకా అమ్మకిచ్చిన మాట కోసం పాటించిన నియమం, ఆ పుస్తకం చదివాక ఆయన సొంత ఇష్టమైంది.

తర్వాత చేసిన మార్పులు చూడండి, ఒక్కటీ పెద్దది కాదు. ఇంటి నుంచి వచ్చే మిఠాయిలు, మసాలాలు మానేశారు. టీ, కాఫీ తగ్గించి కోకో తాగారు. ఒక్క గదిలోకి మారి, చిన్న స్టవ్ మీద పొద్దున్నే ఓట్స్ జావ కాచుకున్నారు. మధ్యాహ్నం బయట భోజనం, రాత్రికి బ్రెడ్డు, కోకో. రోజుకి ఒక షిల్లింగు మూడు పెన్నీలతో గడిచిపోయేది. ఇంతకుముందు నోట్లో పెట్టలేకపోయిన ఉప్పూకారం లేని పాలకూర కొన్నాళ్లకి ఆయనకి రుచిగా అనిపించింది. మీ అబ్బాయి ఆకుకూర పక్కన పెట్టేస్తున్నాడంటే, వాడి నాలుక ఇంకా పాత రుచి దగ్గరే ఉంది. దానికి కొంత వ్యవధి ఇవ్వాలి.

ఒక్కసారిగా అంతా మార్చేయబోయినప్పుడల్లా గాంధీజీ దెబ్బతిన్నారు. 1893లో ప్రిటోరియాలో వండని తిండి మొదలుపెట్టి, నానబెట్టిన గోధుమలు నమిలారు. నీరసం వచ్చి కొద్ది రోజుల్లోనే ఆపేశారు. అయినా ఆశ చావలేదు. 1929లో ఆంధ్ర పర్యటనకి వచ్చినప్పుడు రాజమండ్రిలో ప్రకృతి వైద్యం చేసే ఒకరి మాటలు విని మళ్లీ పచ్చి తిండి పట్టారు. కొన్ని నెలలకే కడుపు పాడై అదీ వదిలేశారు. తాను ఓడిన సంగతి దాచకుండా తన పత్రికలో రాశారు కూడా.

ప్రాణం మీదికి వచ్చింది మాత్రం 1918లో. ఖేడా జిల్లాలో ఎండలో తిరుగుతూ వేరుశనగ ముద్ద, నిమ్మకాయలతో గడుపుతున్న రోజులవి. ఒక పండగ పూట కస్తూర్బా చేసిన తీపి గోధుమ జావ చూసి ఆగలేక కడుపునిండా తిన్నారు. జిగట విరేచనాలు పట్టుకుని ఇక బతకననుకునే దాకా వెళ్లారు. పాలు తాగితేగాని కోలుకోరని డాక్టరు చెప్పారు. ఆవుల్ని, గేదెల్ని పిండే తీరులోని క్రూరత్వం గురించి చదివి 1912లోనే పాలు మానేస్తానని ఒట్టు పెట్టుకున్నారాయన. మేకపాలకి ఆ ఒట్టు అడ్డం రాదు కదా అని కస్తూర్బా అందించిన మాటతో గండం గడిచింది. ఒట్టులో అక్షరం మిగిలింది, ఆత్మ పోయిందని గాంధీజీ జీవితాంతం బాధపడ్డారు. నన్నడిగితే ఆ రోజు ఆ ఇంట్లో సరిగ్గా ఆలోచించింది ఆవిడే.

ఆవిడదే ఇంకో సంగతి ఉంది. దక్షిణాఫ్రికాలో కస్తూర్బాకి ఆపరేషన్ తర్వాత రక్తస్రావం తగ్గలేదు. ఉప్పు, పప్పు మానెయ్యమని ఆయన పట్టుబట్టారు. మీకు చెబితే మీరు మాత్రం మానగలరా అని ఆవిడ అడిగేశారు. ఆయన వాదించలేదు. ఏడాదిపాటు తాను రెండూ ముట్టనని అప్పటికప్పుడు చెప్పేశారు. ఆవిడ కంగారుపడి వెనక్కి తీసుకోమని బతిమాలినా వినలేదు. ఆవిడా మానేశారు, కోలుకున్నారు. ఇది వైద్యమని చెప్పడం లేదు, అలాంటి జబ్బుకి డాక్టరు దగ్గరికే వెళ్లాలి. చిప్స్ ప్యాకెట్ పక్కన పెట్టుకుని పిల్లల్ని క్యారెట్ తినమనే మనకి మాత్రం ఆ ఏడాది కాస్త గుచ్చుకోవాలి.

అరవై దాటాక ఆయన చూపు దేశం మొత్తం తినే తిండి మీద పడింది. 1934 చివర్లో గ్రామ పరిశ్రమల సంఘం పెట్టి, వార్ధా నుంచి దంపుడు బియ్యం, బెల్లం, ఆకుకూరల గురించి వారం వారం రాశారు. మర పట్టి తెల్లగా చేసే కొద్దీ బియ్యంలో సారం పోతుందన్నది అప్పటి ఆయన ప్రచారం. మన ఊళ్లలో అమ్మమ్మలు రోకలితో దంచుకున్న ఆ బియ్యాన్నే ఇప్పుడు సూపర్ మార్కెట్‌లో ఎక్కువ ధర పెట్టి కొంటున్నాం. పారేసే ముల్లంగి, క్యారెట్ ఆకుల్ని కూడా ఆయన శుభ్రంగా కడిగి పచ్చివే తిని చూశారు.

1942లో పుణె ఆగాఖాన్ ప్యాలెస్‌లో నిర్బంధంలో ఉన్నప్పుడు ఆరోగ్యం మీద చిన్న పుస్తకం రాశారు. కూర్చుని పనిచేసే వాళ్లకి రోజుకి ఎంత తిండి కావాలో అందులో లెక్క ఇచ్చారు. ధాన్యం 6 ఔన్సులు, అంటే సుమారు 170 గ్రాములు. ఆకుకూరలు 3, ఇతర కూరగాయలు 5, పచ్చివి 1 కలిపి 9 ఔన్సులు, సుమారు 255 గ్రాములు. వీటికి తోడు పాలు, కొంచెం నెయ్యి, కొంచెం బెల్లం. యాభై ఏళ్లకి పైబడిన కుస్తీ తర్వాత ఆయన దగ్గర మిగిలింది ఇంత మామూలు పళ్లెం. అందులో ధాన్యం కంటే కూరగాయలు ఎక్కువ.

మన పళ్లెంలో అన్నం కొండ, పక్కన గరిటెడు కూర. ఈ ఆదివారం వంటింట్లో కాటా ఉంటే, వండబోయే బియ్యాన్ని, తరిగిన కూరగాయల్ని మీ పిల్లల చేతే తూయించి కాగితం మీద రాయించండి. వచ్చే నెల మొదటి ఆదివారం మళ్లీ తూయించండి. ఈలోగా కూర ఒక్క గుప్పెడు పెరిగినా చాలు.