కాటన్ దొరయు సర్కారు పొదుపును

ప్రభుత్వము మానుకొనిన వ్యయము మాయము కాదు; కష్టరూపమున ప్రజల యిండ్లకు చేరును. ఇందుకు సర్ ఆర్థర్ కాటన్ చరిత్రమే నిదర్శనమని మేము తలంచుచున్నాము.

1803లో జన్మించిన కాటన్ సైనిక ఇంజనీరుగా మద్రాసునకు వచ్చెను. అప్పటికి గోదావరి మండలమున కుంఫిణీవారు శిస్తు గొనిపోవుటయే కాని, చెఱువులను, కాలువలను బాగుచేయించుట యరుదు. 1833 నాటి కఱవు దానికి తోడయ్యెను. 1821లో 7,38,308గా నుండిన జనసంఖ్య 1841 నాటికి 5,61,041కి దిగెను, శిస్తును తగ్గెను.

ధవళేశ్వరము ఆనకట్టకై కాటన్ ఆరుగురు అధికారులను కోరగా, అనుభవము లేని యువకు నొకనిని, కొందఱు సర్వేయర్లను, శిక్షార్థులను ఇచ్చిరి. అయినను 1847లో ఆరంభమైన పని 1852లో ముగిసెను. బీళ్లు మాగాణులయ్యెను, పెరిగిన రాబడి పెట్టిన వ్యయమును మించెను.

ఇంత చూచియు పాలకులు మాఱలేదు. రైలు కంపెనీలకు నూటికి 5 వంతున వడ్డీ హామీయిచ్చి, కాలువలకడ చేయి బిగించిరి. 1876-78 క్షామమున లక్షలాది జనులు మడియుచుండగా, 1877లో సర్ రిచర్డు టెంపుల్ పొదుపు పేరిట సహాయపు పనులలోని కూలివాని దినబత్తెమును ఒక పౌను ధాన్యమునకును ఒక అణాకును తగ్గించెను. 1878లో వృద్ధుడైన కాటన్ పార్లమెంటు విచారణసంఘము నెదుట కాలువల పక్షమున వాదించి, అడ్డుప్రశ్నల కోర్వవలసివచ్చెను. 1899లో ఆయన మరణించెను.

దుబారా మానుట రాజధర్మమే. కాని విత్తనములు చల్లక గాదె నిండెనని సంతసించు రైతును వివేకి యనువారుందురా? మండలముల నిధులకు కత్తెర వేయువారు ఈ ప్రశ్నకు ముందుగా సమాధానము చెప్పవలయును.