నీలి రంగు చెప్పిన లెక్క

మొన్న ఆదివారం శాన్ రామన్‌లో మా ఇంట్లో, మా అమ్మాయి ఆల్జీబ్రా హోంవర్కు ముందేసుకుని కూర్చుంది. ఒక వంపు గీత ఇచ్చి, దాని సమీకరణం కనుక్కోమన్నారు. గీత 20 దగ్గర మొదలై, 10 నిమిషాలకి 60, 20 నిమిషాలకి 80 చేరింది. 100ని మాత్రం దాటదు. తనేమో పెరిగిన విలువల్ని ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తోంది. లెక్క తేలడం లేదు. అది చూడగానే నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొచ్చారు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ వ్యాధి అన్నగారిని పొట్టన పెట్టుకుంది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. భార్య శేషగిరి గారిని ఇండియాలో వదిలి బోస్టన్ వచ్చి, ఆస్పత్రిలో రాత్రిళ్ళు పని చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు.

1925లో ఫిస్క్‌తో కలిసి, నీలి రంగు చిక్కదనాన్ని బట్టి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి ప్రకటించారు. అయితే కండరాల సారంతో చేస్తే రంగు ఒక్కసారిగా రాదు, మెల్లమెల్లగా చిక్కబడుతుంది. ఇంకొకరైతే పరీక్ష పాడైందని పారబోసేవారేమో! వాళ్ళు ఆ ఆలస్యానికి కారణం వెతికారు. ఆమ్లంలో కొద్దికొద్దిగా విడిపోతున్న పదార్థం ఒకటుందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేస్తే తగ్గి, విశ్రాంతిలో మళ్ళీ పెరిగే శక్తి నిల్వ. అది 1927 నాటి మాట. 1929లో ఏ.టి.పి. గురించి కూడా ప్రకటించారు.

మా అమ్మాయి గీత కూడా అలాంటిదే. చూడవలసింది పెరిగినది కాదు, 100కి ఇంకా ఎంత మిగిలిందో. మొదట 80, తర్వాత 40, ఆపైన 20. ప్రతి 10 నిమిషాలకీ సగం! కాబట్టి 80ని అరతో, t బై 10 సార్లు, గుణించి 100లోంచి తీసేస్తే సమీకరణం వచ్చేసినట్టే. కండరం కథలో అయితే, సున్నా నిమిషం దగ్గరున్న 20 ముందునుంచీ విడిగా ఉన్న ఫాస్ఫేటు. మిగతా 80 నెమ్మదిగా విడిపోయినది. అంకెలు పాఠంలోవే గానీ, తర్కం మాత్రం అదే.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకి స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. అన్నగారిని తీసుకుపోయిన స్ప్రూకి అదే మందయింది. బోదకాలుకి హెట్రజాన్, క్యాన్సర్‌కి మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాలల నుంచే వచ్చాయి. 1948లో, 53 ఏళ్ళకే ఆయన కన్నుమూశారు. మళ్ళీ ఇండియా వెళ్ళనేలేదు. శేషగిరి గారి ఎదురుచూపులు అలాగే మిగిలిపోయాయి.

హోంవర్కు అయిపోయాక మా అమ్మాయి, ఆయన పేరు తమ పుస్తకంలో ఎందుకు లేదని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కాగితం పైన ఆయన పేరు తెలుగులో రాసి చూపించాను. తను కూడబలుక్కుని చదివింది.