బొమ్మల్ని అక్షరాలుగా చదివినవాడు

ఈ సెమిస్టర్ మొదట్లో ఒక రాత్రి మా హాస్టల్ రూంలో నేను పెద్ద లెక్చర్ ఇచ్చాను. టాపిక్ ఏంటంటే, ఈజిప్టు వాళ్ళకి మూడు వేల ఏళ్ళ క్రితమే హెలికాప్టర్ తెలుసు! ప్రూఫ్ కింద ఫోన్‌లో ఒక ఫోటో చూపించాను. అబైడోస్ అనే చోట మొదటి సేతి రాజు కట్టించిన గుడి ఉంది. అందులో పైకప్పు దగ్గర ఒక రాతి దూలం మీద చెక్కిన గుర్తులు అవి. ఒకటి అచ్చం హెలికాప్టరే, పైన రెక్క, వెనక తోకతో సహా. పక్కనే సబ్‌మెరీన్ లాంటిది, జెట్ లాంటిది కూడా ఉన్నాయి. రూంలో అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే, ఒక జూనియర్ మాత్రం మెల్లగా ఒక డౌట్ అడిగాడు. అన్నా, దాని చుట్టూ ఉన్నదంతా రాతే కదా, అందులో ఏం రాసుంది అని.

నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే, దాన్ని చదవొచ్చు అన్న ఆలోచనే నాకు రాలేదు. ఏదో చెప్పి మాట మార్చేశాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టక వెతుకుతూ పోతే, చివరికి ఒక ఫ్రెంచ్ మనిషి దగ్గర ఆగాను. పేరు జాన్ ఫ్రాన్స్వా షాంపోలియన్.

ఆయన 1790 డిసెంబర్ 23న ఫ్రాన్స్‌లోని ఫిజాక్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. నాన్న పుస్తకాల షాపు నడిపేవాడు. అన్నయ్య జాక్ జోసెఫ్ పన్నెండేళ్ళు పెద్ద. పదేళ్ళ వయసులో తమ్ముణ్ణి గ్రెనోబుల్‌కి తన దగ్గరికి తెచ్చుకుని చదివించింది ఆ అన్నే. తర్వాత జీవితమంతా పుస్తకాలకీ, డబ్బుకీ, ధైర్యానికీ ఆ అన్నే దిక్కు. లాటిన్, గ్రీకు, హీబ్రూ, అరబిక్, సిరియాక్ ఇలా ఒకదాని తర్వాత ఒకటి నేర్చేసుకున్నాడు. అన్నిటికంటే పిచ్చిగా నేర్చుకున్నది కాప్టిక్. ఈజిప్టు క్రైస్తవుల ప్రార్థనల భాష అది, పాత ఈజిప్టు భాషకి చివరి రూపం. తనలో తాను కూడా కాప్టిక్‌లోనే మాట్లాడుకునేవాడట. పద్దెనిమిదేళ్ళకే గ్రెనోబుల్‌లో హిస్టరీ పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. ఆ వయసులో మనం ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఉన్నాం!

అప్పటికి ఈజిప్టు రాత చదవగలిగిన మనిషి భూమ్మీద ఒక్కడూ లేడు. దాదాపు పద్నాలుగు వందల ఏళ్ళుగా పరిస్థితి అదే. ఆ బొమ్మల్లో ఏదో రహస్య జ్ఞానం దాగుందనీ, ఒక్కో బొమ్మ ఒక్కో గూఢమైన భావం అనీ పండితులే నమ్మేవారు. పదిహేడో శతాబ్దంలో కిర్షర్ అనే ఆయన ఆ నమ్మకంతోనే పెద్ద పెద్ద పుస్తకాలు రాశాడు. ఆ అర్థాలన్నీ ఊహలే అని తర్వాత తేలింది. అంటే నేను హాస్టల్ రూంలో చేసిన పనిని ఆయన లాటిన్‌లో చేశాడన్నమాట.

1799లో నెపోలియన్ సైనికులకి రొసెట్టా దగ్గర ఒక రాయి దొరికింది. దాని మీద ఒకే ఆజ్ఞ మూడు రాతల్లో ఉంది. పైన హైరోగ్లిఫ్స్, మధ్యలో డెమోటిక్, కింద గ్రీకు. గ్రీకు చదవగలం కాబట్టి మిగతావి ఈజీ అనుకున్నారు, కానీ ఇరవై ఏళ్ళు గడిచినా సరిగ్గా పడలేదు. ఇంగ్లండ్‌లో థామస్ యంగ్ కొంత దూరం వెళ్ళాడు. మన యంగ్స్ మాడ్యులస్ యంగే! రాజుల పేర్ల చుట్టూ గీసే గుండ్రటి గీతలో కొన్ని గుర్తులు శబ్దాలని ఆయన పట్టుకున్నాడు. కానీ అది గ్రీకు పేర్ల లాంటి పరాయి పేర్లకే అనుకుని ఆగిపోయాడు.

ఈ మధ్యలో షాంపోలియన్ బతుకు సాఫీగా ఏం లేదు. నెపోలియన్ పక్షం అని ఉద్యోగం పోయింది, సొంత ఊరికి పంపేశారు. ఆరోగ్యమూ అంతంతమాత్రమే. అయినా పని ఆపలేదు. 1821లో తన పుట్టినరోజు నాడు కూర్చుని రొసెట్టా రాయి మీద గుర్తులు లెక్కపెట్టాడు. గ్రీకులో 486 మాటలు ఉంటే, హైరోగ్లిఫ్స్‌లో 1,419 గుర్తులు ఉన్నాయి. ఒక్కో బొమ్మ ఒక్కో మాట అయితే ఈ లెక్క కుదరదు కదా. అదీ ఆ రాయిలో హైరోగ్లిఫ్స్ భాగం సగానికి పైగా విరిగిపోయాక! సీఎస్‌ఈ వాళ్ళకి ఇది ఎంత నచ్చుతుందో చెప్పక్కర్లేదు. పెద్ద థియరీ ఏమీ అక్కర్లేకుండా, ఒట్టి కౌంటింగ్‌తో వందల ఏళ్ళ నమ్మకం కదిలిపోయింది.

1822 సెప్టెంబర్‌లో అబూ సింబెల్ గుడి నుంచి వచ్చిన డ్రాయింగుల్లో ఒక రాజు పేరు చూశాడు. మొదట సూర్యుడి బొమ్మ. కాప్టిక్‌లో సూర్యుణ్ణి రే అంటారు. చివర రెండుసార్లు స అనే శబ్దం. మధ్యలో ఉన్న గుర్తుకి పుట్టుక అన్న అర్థం, కాప్టిక్‌లో మిసె. కలిపి చదివితే రామ్సెస్! గ్రీకులు రాకముందు వెయ్యేళ్ళ నాటి అసలైన ఈజిప్టు రాజు పేరు అది. అన్న ఆఫీసుకి పరిగెత్తుకెళ్ళి, దొరికిందని చెప్పి, అక్కడే స్పృహ తప్పి పడిపోయాడని చెప్తారు. ఆ నెల 27న తన పద్ధతిని ప్యారిస్ అకాడమీలో వివరించాడు. 1824లో పూర్తి పుస్తకమే వేశాడు. కొన్ని గుర్తులు శబ్దాలు, కొన్ని అర్థాలు, రెండూ ఒకే వాక్యంలో కలిసి పనిచేస్తాయి. టెక్స్ట్ ఫైల్‌ని ఇమేజ్ వ్యూయర్‌లో ఓపెన్ చేస్తే వచ్చే గందరగోళంలో అప్పటిదాకా అందరూ ఉన్నారు. ఆయన దాన్ని టెక్స్ట్‌గా ఓపెన్ చేశాడు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. డెండెరా గుడి పైకప్పు నుంచి రాశిచక్రం ఒకటి కోసి ప్యారిస్‌కి తెచ్చారు. అది వేల వేల ఏళ్ళ నాటిదనీ, అంత పాతకాలంలోనే గొప్ప ఖగోళ విజ్ఞానం ఉండేదనీ ఊరంతా గొడవ. అచ్చయిన డ్రాయింగులో ఒక బిరుదు చదివి, అది రోమన్ల కాలం నాటిదని షాంపోలియన్ తేల్చాడు. వాదన ఆగిపోయింది. కానీ 1828లో స్వయంగా డెండెరా వెళ్ళి చూస్తే, ఆ బిరుదు ఉండాల్సిన చోట గోడ మీద ఏమీ లేదు, ఖాళీ. డ్రాయింగే తప్పు. తన ప్రూఫ్ తనే కోల్పోయిన సంగతి ఆయన దాచుకోలేదు, ఉత్తరంలో రాసేశాడు. గుడిలో మిగతా పేర్లు మాత్రం అది గ్రీకు, రోమన్ల కాలానిదే అని చెప్పాయి. రాశిచక్రం సుమారు క్రీ.పూ. 50 నాటిదని ఇప్పటి లెక్క.

ఆ ప్రయాణం నుంచి తిరిగొచ్చాక ఎక్కువ కాలం బతకలేదు. 1832 మార్చి 4న ప్యారిస్‌లో పోయాడు. వయసు 41. ఆయన రాసిన వ్యాకరణం, నిఘంటువు తర్వాత అన్నే అచ్చు వేయించాడు.

ఇప్పుడు నా హెలికాప్టర్ సంగతి. షాంపోలియన్ కాలానికి అబైడోస్ గుడి చాలావరకు ఇసుకలోనే ఉంది, తర్వాత మారియెట్ తవ్వించాడు. ఆ దూలం మీద మొదట సేతి బిరుదు చెక్కారు. తొమ్మిది విల్లుల్ని, అంటే శత్రుదేశాలన్నిటినీ, తరిమినవాడని దాని అర్థం. కొడుకు రెండో రామ్సెస్ రాజయ్యాక పాత గుర్తుల్ని గచ్చుతో పూడ్చి, పైన తన బిరుదు చెక్కించాడు. ఈజిప్టుని కాపాడి పరాయి దేశాల్ని అణిచినవాడని. కాలం గడిచి గచ్చు రాలిపోయింది. రెండు రాతలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి కొత్త ఆకారం వచ్చింది. మన ఊళ్ళల్లో ఎన్నికల గోడరాత మీద సున్నం కొట్టి ఇంకో పార్టీ వాళ్ళు రాస్తారు చూడండి, నాలుగు వానలు పడ్డాక రెండూ కలిసి కనిపిస్తాయి. అదే ఇది. నేను హెలికాప్టర్ అన్నది ఒక తండ్రీ కొడుకుల పేర్ల ముక్కలు. రామ్సెస్ పేరు చదవడంతో మొదలైన చదువే, నా తప్పుని పట్టుకుంది కూడా.

ఇంకో మాట ఒప్పుకోవాలి. నేను చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియం. ఏడో క్లాసు దాకా తెలుగు సరిగ్గా చదవడం వచ్చేది కాదు. బస్సు బోర్డు మీద అక్షరాల షేప్ చూసి మా ఊరి బస్సు గుర్తుపట్టేవాణ్ణి. క కి కొమ్ము ఉందా లేదా అని చూసేవాణ్ణి తప్ప చదివేవాణ్ణి కాదు. చదవడం రానివాడికి ఏ రాతైనా బొమ్మలాగే కనిపిస్తుంది, బొమ్మలో మనకి కావాల్సింది మనం చూసుకుంటాం. ఇది నాకు ఈజిప్టు కంటే ముందే తెలిసుండాల్సింది.

పోయిన వారం ఆ జూనియర్‌ని పిలిచి అదే ఫోటో మళ్ళీ చూపించాను. ఏ గీత సేతిదో, ఏ గీత రామ్సెస్‌దో వేలుతో చూపించాను. ఆ రోజు మాట మార్చినందుకు సారీ కూడా చెప్పాను. వాడు కాసేపు చూసి, మరి ఆ సబ్‌మెరీన్ ఏంటన్నా అని అడిగాడు. ఈసారి మాత్రం ఇద్దరం కలిసి వెతకడానికి కూర్చున్నాం.