రెండుసార్లు ఫెయిలైన కుర్రాడు



మన కేసముద్రం బ్రాంచి పిల్లల అమ్మలకు ముందుగా ఒక ప్రశ్న. మీ పాప గానీ బాబు గానీ కడుపులో ఉన్నప్పుడు డాక్టరమ్మ రాసిచ్చిన ఫోలిక్ యాసిడ్ మాత్ర గుర్తుందా? ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చి, తన ఎదుటే మింగమన్న బోదకాలు మాత్ర గుర్తుందా? ఆ రెండు మందుల వెనుకా ఒక తెలుగువాడి శ్రమ ఉంది. ఆయన మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పదమూడేళ్ల వయసులో, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయారు. తల్లి వెంకమ్మ వెనక్కి తెచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. రాజమండ్రిలో చదువు సాగలేదు. చివరికి మద్రాసు హిందూ హైస్కూల్లో చేరి, మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. సన్యాసం తీసుకుంటానని బయల్దేరితే దానికీ ఆ తల్లి ఒప్పుకోలేదు.

మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. అది అక్కడి ఇంగ్లీషు ప్రొఫెసరుకు నచ్చలేదు. ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికిచ్చారు. ఆ రోజుల్లోనే ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. ఆ దుఃఖం ఆయన్ని జీవితాంతం వదల్లేదు.

మామగారి సాయంతో అమెరికాలోని బోస్టన్ చేరారు. ఖర్చుల కోసం ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. అక్కడ సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడితో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. మాలిబ్డినం అనే లోహం కలిసిన ద్రావణం పోస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. 1925లో అచ్చయిన ఈ పద్ధతిని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటారు. మీ పిల్లలు రేపు బయోకెమిస్ట్రీ తీసుకుంటే ల్యాబులో ఈ పేరు వింటారు.

ఆ భాస్వరం వెంట వెళ్లే ఆయన, ఫిస్కే 1929లో ఏటీపీని గుర్తించారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది దాన్ని కనుగొన్నారు. మన కణాలు పని చేయడానికి ఖర్చు పెట్టే చిల్లర డబ్బు లాంటిది ఏటీపీ. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది మందుగా పనికొచ్చింది. ఇక్కడ ఒక్క నిమిషం సైన్సు. మన డీఎన్ఏ నాలుగు అక్షరాలతో రాసిన పుస్తకం. ఎ కి ఎదురుగా టి, జి కి ఎదురుగా సి జంటగా ఉంటాయి. కణం ఆ టి అక్షరాన్ని తయారు చేసుకోవాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు కణాలు వేగంగా రెట్టింపవుతాయి కాబట్టే తల్లికి ఆ మాత్ర.

క్యాన్సర్ కణాలూ అలాగే వేగంగా పెరుగుతాయి. అందుకని ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌లో చిన్న మార్పు చేసి అమినోప్టెరిన్ తయారు చేసింది. ఇది తాళంలో దూరి, తిరగకుండా ఇరుక్కుపోయే నకిలీ చెవి లాంటిది. దీన్ని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో కొంతకాలం జబ్బు తగ్గింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో వెలువడ్డాయి. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్, నేటికీ వాడుతున్నారు. బోదకాలుకు ఇచ్చే డీఈసీ మందు కూడా లెడర్లీలో ఆయన నడిపిన పరిశోధనల నుంచే వచ్చింది.

అణువులో చిన్న ముక్క మారిస్తే పెద్ద ఫలితం వస్తుందన్న ఆ ఆలోచన ఇంకా సాగుతూనే ఉంది. నేటి శాస్త్రవేత్తలు డీఎన్ఏ అక్షరాలనే మార్చి చూస్తున్నారు. మామూలుగా జతకట్టని రెండు టి ల మధ్య పాదరసం అయాన్‌ను, రెండు సి ల మధ్య వెండి అయాన్‌ను పెట్టి, లోహంతో జంటలు కడుతున్నారు.

సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలో గుండె ఆగి కన్నుమూశారు. పాతికేళ్లలో ఒక్కసారి కూడా ఇల్లు చూడలేదు. భార్య శేషగిరి, తల్లి వెంకమ్మ ఆయన్ని మళ్లీ చూడలేదు. ఆ గొప్పతనానికి ఆ ఇల్లు కట్టిన మూల్యం అది. దాన్నీ మనం మరచిపోకూడదు.

త్వరలో ప్రోగ్రెస్ రిపోర్టులు మీ చేతికొస్తాయి. ఎర్ర గీత కనబడితే బాధ కలగడం సహజమే. కానీ సంతకం పెట్టే ముందు, కొడుకును మూడోసారి పరీక్షకు పంపిన ఆ భీమవరం ఇంటిని ఒక్కసారి తలచుకోండి. ఆ తర్వాత బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ అర్థం కాలేదో అడగండి.